వయ్యారిభామ - పేరు అందం, పని చేటు



పాఠం మొదలుపెట్టే ముందు ఒక పొడుపుకథ. విప్పండి చూద్దాం.

విత్తినోళ్ళు లేరు. నీళ్ళు పోసినోళ్ళు లేరు. ఎరువు వేసినోళ్ళు లేరు. అయినా ఊరంతా పెరిగింది. పశువు నోరు పెట్టదు. మనిషి చెయ్యి పెడితే దురద. ఏమిటది?

తెలిసిందా? రోడ్డు పక్కన చూడండి. బడి గోడ పక్కన చూడండి. బోరింగు దగ్గర, చెత్తకుప్ప దగ్గర, బీడు భూమిలో, చేని గట్టు మీద చూడండి. చీలికలు చీలికలుగా ఆకులు. తెల్లని చిన్న చిన్న పూలు. గాలికి వయ్యారంగా ఊగుతూ ఉంటుంది. అదే వయ్యారిభామ.

ఈ మొక్కకు మన దగ్గర చాలా పేర్లు ఉన్నాయి. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. కొందరు క్యారెట్ గడ్డి అంటారు. ఆకు క్యారెట్ ఆకులాగా ఉంటుంది గనుక ఆ పేరు. కొందరు ముక్కుపుల్లాకు అంటారు. పువ్వు ముక్కుపుల్లంత ఉంటుంది గదా, అందుకు! నక్షత్ర గడ్డి అని కూడా అంటారు. శాస్త్రం చదివినవాళ్ళు పార్థీనియం అంటారు.

పేర్లు ఎన్నయినా మొక్క ఒక్కటే. గడ్డి అంటాము గానీ ఇది గడ్డి జాతి కాదు. అది ఏ జాతిదో ముందు ముందు చెప్పుకుందాం.

ఒక అక్క కథ

మాది అనంతపురం వైపు ఊరు. మా రాత్రి బడికి ఒక అక్క వచ్చేది. కలుపు కూలికి పోయే మనిషి. పగలంతా చేలో పని. రాత్రి అందరికన్నా ముందు వచ్చి పలక పట్టుకుని కూర్చునేది. తన పేరు రాయడం వచ్చిన రోజున ఆ పలకను చెరపకుండా ఇంటికి తీసుకుపోయింది. ఇంట్లో అందరికీ చూపించింది.

కొన్నాళ్ళకు ఆ అక్క ముందు వరుస వదిలేసింది. తలుపు దగ్గర, ఒక్కతే కూర్చునేది. కొంగు మొహం మీదికి లాక్కునేది. తర్వాత రావడమే మానేసింది.

నేను వాళ్ళ ఇంటికి పోయాను. అక్క మొహం, మెడ నల్లబడిపోయాయి. కంటి రెప్పలు వాచాయి. మోచేతి మడతల దగ్గర చర్మం మొద్దుబారింది. గోకి గోకి రసి కారుతోంది.

"పాపా, నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. కొళాయి కాడ నా బిందె తగిలితే వాళ్ళ బిందె తోముకుంటున్నారు. ఇది అంటురోగమంట. నేను బడికి వస్తే మీ అందరికీ అంటిస్తానంట" అని కండ్లనీళ్ళు పెట్టుకుంది.

ఒకరు దిష్టి తగిలింది అన్నారు. ఒకరు మొక్కు బాకీ ఉంది అన్నారు. ఒకరు పెద్దరోగం అన్నారు. పసుపు పూశారు. నిమ్మకాయ రుద్దారు. అంగట్లో దొరికిన ఏదో పూతమందు రాశారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కువైంది.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మొహం చూసి మందు రాయలేదు. ముందు ఒక ప్రశ్న అడిగాడు.

"నువ్వు ఏం పని చేస్తావమ్మా? మీ చేలల్లో వయ్యారిభామ ఉందా?"

ఉంది. రోజూ ఆమె వట్టి చేతులతో పీకేది దాన్నే.

"ఇది అంటురోగం కాదమ్మా. నీ నుంచి ఎవరికీ రాదు. ఆ మొక్క నీ ఒంటికి పడలేదు, అంతే" అన్నాడు డాక్టరు.

ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే ఆ అక్క అన్ని నెలలు ఒంటరిగా కూర్చునేది కాదు. అందుకే ఈ పాఠం.

మొక్కను గుర్తు పట్టండి

వానలు పడగానే వయ్యారిభామ మొలుస్తుంది. మొదట్లో ఆకులు నేలకు అతుక్కుని, చుట్టూ పరుచుకుని ఉంటాయి. ముగ్గు వేసినట్టు గుండ్రంగా కనబడుతుంది. ఆ దశలో దీన్ని పీకడం తేలిక.

తర్వాత నడుమ నుంచి కాండం లేస్తుంది. కాండం మీద నిలువుగా గీతలు ఉంటాయి. సన్నని నూగు ఉంటుంది. పైకి పోయేకొద్దీ కొమ్మలు ఎక్కువ. నడుము ఎత్తు పెరుగుతుంది. మంచి నేల, తేమ దొరికితే మనిషి ఎత్తు కూడా పెరుగుతుంది.

మొలిచిన నెల, నెలన్నర రోజులకే పూత మొదలవుతుంది. తేమ ఉన్నంత కాలం పూస్తూనే ఉంటుంది. తడి ఉన్న చోట ఏడాది పొడుగునా కనిపిస్తుంది.

బంతికి, చామంతికి చుట్టం

ఇది గడ్డి కాదని చెప్పుకున్నాం గదా. ఇది చామంతి కుటుంబం మొక్క. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర, అన్నీ ఆ కుటుంబానివే.

ఈ కుటుంబానికి ఒక గుర్తు ఉంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక్క పువ్వు కాదు. చిన్న చిన్న పూలు ఎన్నో కలిసిన గుత్తి. బంతిపువ్వును విప్పి చూడండి. ఒక్కో రెక్క అడుగున ఒక్కో గింజ ఉంటుంది. అంటే ఒక్కో రెక్క ఒక్కో పువ్వు!

వయ్యారిభామ పువ్వు కూడా అంతే. ముక్కుపుల్లంత పువ్వును దగ్గరగా చూస్తే దానికి అయిదు మూలలు కనబడతాయి. ఒక్కో మూలలో ఒక్కో గింజ. మొత్తం అయిదు గింజలు.

పార్థీనియం అనే జాతిలో సుమారు 16 రకాల మొక్కలు ఉన్నాయి. అన్నీ చెడ్డవి కావు. గయూలే అనే రకం మెక్సికో ఎడారి నేలల్లో పెరుగుతుంది. దాని నుంచి రబ్బరు తీస్తారు. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో రబ్బరుకు కరువు వచ్చినప్పుడు అమెరికాలో ఆ మొక్కను సాగు చేశారు. ఒక కడుపున పుట్టిన పిల్లలు అందరూ ఒక్క తీరు ఉండరు గదా! మొక్కలూ అంతే. మన ఊరికి వచ్చింది మాత్రం పనికిమాలిన రకం.

ఎక్కడి నుంచి వచ్చింది?

వయ్యారిభామ పుట్టిల్లు మన దేశం కాదు. అది అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాల మొక్క. మెక్సికో దేశం చుట్టుపక్కల దాని సొంత ఊరు అనుకోవచ్చు.

మన దేశంలో దీన్ని కలుపుమొక్కగా గుర్తించింది మహారాష్ట్రలోని పూణేలో, 1955 ప్రాంతంలో. ఆ రోజుల్లో మన దేశంలో తిండిగింజలకు కొరత. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు వచ్చాయి. ఆ గోధుమల్లో ఈ గింజలు కలిసి వచ్చాయని చాలామంది చెబుతారు. అంతకు చాలా ఏండ్ల ముందు కూడా ఈ మొక్క అక్కడక్కడా మన దేశంలో ఉండేదని మరికొందరు శాస్త్రవేత్తలు అంటారు. ఏది ఏమైనా, దేశమంతా పాకింది మాత్రం 1955 తర్వాతనే.

ఆ కాలంలో కాంగ్రెస్ పార్టీ ప్రభుత్వం ఉండేది. అందుకే కాంగ్రెస్ గడ్డి అన్నారని కొందరు అంటారు. తెల్ల టోపీల్లాగా పూలు ఉంటాయి గనుక ఆ పేరు వచ్చిందని మరికొందరు అంటారు.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఇది ఎట్లా పోతుంది? గింజ చాలా చిన్నది, తేలిక. గాలికి కొంచెం దూరం పోతుంది. వాగు నీళ్ళలో చాలా దూరం పోతుంది. లారీ టైర్లకు, ట్రాక్టరు చక్రాలకు అంటిన మట్టిలో పోతుంది. ఇసుకతో, ఎరువుతో, విత్తనాలతో కలిసి పోతుంది. అందుకే ముందు రోడ్ల వెంట కనిపిస్తుంది. తర్వాత గట్టు మీదికి, ఆ తర్వాత చేలోకి వస్తుంది.

ఒక లెక్క చేద్దాం

పలక తీసుకోండి.

ఒక పువ్వులో గింజలు 5.
ఒక మొక్కకు పూలు 3,000 అనుకుందాం.
3,000 x 5 = 15,000.

ఒక్క మొక్కకు 15,000 గింజలు! బాగా పెరిగిన మొక్కకు 25,000 దాకా ఉంటాయి. ఇంకా ఎక్కువ కూడా ఉండవచ్చు.

పడిన గింజలన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని ఈ వానకు మొలుస్తాయి. కొన్ని మట్టిలో ఏండ్ల తరబడి నిద్రపోయి తర్వాత మొలుస్తాయి. "పోయిన ఏడు అంతా పీకేశాం, మళ్ళీ ఎట్లా వచ్చింది?" అని అడుగుతాం గదా. ఇట్లా వచ్చింది.

ఈ లెక్క నుంచి ఒక మాట తెలుసుకోవాలి. పూత రాకముందు ఒక మొక్క పీకితే వేల గింజలను ఆపినట్టు. గింజ రాలిన తర్వాత పీకితే శ్రమ మనది, లాభం దానిది.

మన ఒంటికి ఏం చేస్తుంది?

ఈ మొక్కలో ఒక విషం ఉంది. దాని పేరు పార్థినిన్. ఆకులో, కాండంలో, పువ్వులో, సన్నని నూగులో అంతటా ఉంటుంది.

అందరికీ ఇది పడకుండా పోదు. మొదటి రోజే దురద రాదు. నెలలు, ఏండ్లు తాకుతూ ఉంటే కొందరి ఒళ్ళు దానికి ఎదురు తిరుగుతుంది. దాన్ని ఎలర్జీ అంటారు. "ఇన్నేండ్లు ఏమీ కాలేదు, ఇప్పుడెందుకు అవుతుంది?" అనుకోకండి. ఒకసారి ఒళ్ళు ఎదురు తిరిగితే, తర్వాత కొంచెం తగిలినా చాలు, మళ్ళీ మొదలవుతుంది.

మొక్కను తాకితేనే వస్తుందని కూడా అనుకోవద్దు. ఎండిన ఆకు పొడి, పుప్పొడి గాలిలో లేస్తాయి. పుప్పొడి అంటే పువ్వులో ఉండే సన్నని పొడి. అవి మొహం మీద, మెడ మీద పడినా చాలు.

ఒంటి మీద ఇట్లా కనబడుతుంది:

కంటి రెప్పలు వాస్తాయి.
మొహం, మెడ, మోచేతి మడతలు దురద పెడతాయి.
చర్మం ఎర్రబడి, తర్వాత నల్లబడి మొద్దుబారుతుంది.
కొందరికి తుమ్ములు, ముక్కు కారడం, కండ్ల మంట వస్తాయి.
కొందరికి ఆయాసం, ఉబ్బసం వస్తాయి.

మరి ఏం చేయాలి? అన్నిటికన్నా మొదటి మందు, ఆ మొక్కకు దూరంగా ఉండడం. పని నుంచి రాగానే మొహం, చేతులు, కాళ్ళు సబ్బుతో కడగాలి. వీలైతే తలస్నానం చేయాలి. పనిలో కట్టిన చీర, రవిక విడిచి ఉతకాలి. ఆ బట్టలతో పసిబిడ్డను ఎత్తుకోవద్దు.

తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి. డాక్టరుకు మీరు చేసే పని చెప్పాలి. వయ్యారిభామ పీకుతామని తప్పకుండా చెప్పాలి. అంగట్లో దొరికే పూతమందులు మనంతట మనం రాసుకోవద్దు. కొన్ని పూతమందులు ముందు హాయిగా ఉంటాయి. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడితే చర్మం పలచబడి కొత్త బాధ మొదలవుతుంది. ఆయాసం వస్తే ఆలస్యం చేయవద్దు. వెంటనే చూపించాలి.

ఇంకొక్కసారి చెబుతున్నాను. ఇది అంటురోగం కాదు. ఈ బాధ ఉన్న మనిషి పక్కన కూర్చోవచ్చు. ఆమె చేతి నీళ్ళు తాగవచ్చు. ఆమె బిడ్డను ఎత్తుకోవచ్చు.

పశువులకు ఏం చేస్తుంది?

పశువులు మామూలుగా దీన్ని తినవు. చేదు. కానీ వేరే మేత లేనప్పుడు, పచ్చిగడ్డిలో కలిసి వచ్చినప్పుడు తింటాయి. తిన్న పశువు పాలు చేదు అవుతాయి. నోట్లో పుండ్లు లేస్తాయి. చర్మం మీద వెంట్రుక ఊడి, దద్దులు లేస్తాయి. మేతలో ఎక్కువగా పోతే పశువు చనిపోవచ్చు కూడా.

ఇంకో నష్టం ఉంది. ఈ మొక్క పెరిగిన చోట మంచి గడ్డిని పెరగనివ్వదు. బీడు మొత్తం ఇదే నిండితే మన ఆవు, మన మేక ఏం తింటాయి? మేత కోసం మనమే ఇంకా దూరం నడవాలి.

పంటకు ఏం చేస్తుంది?

మొదటిది, నేలలో ఉన్న నీరు, సారం తానే తాగుతుంది.

రెండోది, దీని వేరు నుంచి, రాలిన ఆకు నుంచి విషం మట్టిలోకి దిగుతుంది. పక్కనున్న గింజలు సరిగా మొలవవు. మొలిచినా గిడసబారతాయి.

మూడోది, దీని పుప్పొడి వంగ, టమాట, మిరప, చిక్కుడు లాంటి మొక్కల పూల మీద పడితే కాయ సరిగా పట్టదు.

నాలుగోది మా అనంతపురం వాళ్ళు మరిచిపోలేనిది. 2000 సంవత్సరం. వానాకాలం శెనక్కాయ పంట. చెట్లు బాగా లేచాయి. ఉన్నట్టుండి ఆకుల మీద మచ్చలు వచ్చాయి. మొవ్వు ఎండింది. కాండం నల్లబడింది. చెట్టు చెట్టంతా చచ్చిపోయింది. సుమారు 2,25,000 హెక్టార్లలో, అంటే అయిదున్నర లక్షల ఎకరాలలో ఈ తెగులు కనబడింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని అంచనా వేశారు.

శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు. ఇది కొత్త వైరస్ తెగులు అని తేల్చారు. దీన్ని కాండం కుళ్ళు తెగులు అంటారు. మరి వైరస్ ఎక్కడ దాక్కుంది? వయ్యారిభామలో! ఆ మొక్కకు మాత్రం ఏ జబ్బూ కనబడదు. పచ్చగా, నవ్వుతూ ఉంటుంది. కానీ దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది.

ఆ పుప్పొడిని మోసేవి తామర పురుగులు. ఇవి కంటికి ఆనీ ఆననంత చిన్నవి. వయ్యారిభామ పువ్వులో తిరుగుతాయి. ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. అక్కడి నుంచి శెనక్కాయ ఆకు మీదికి వస్తాయి. ఆకును గీరి రసం పీలుస్తాయి. ఆ గాయంలో నుంచి వైరస్ చెట్టులోకి పోతుంది. పొద్దుతిరుగుడుకు కూడా ఈ వైరస్ వస్తుంది.

గట్టు మీద ఉన్న మొక్క చేలో పంటను ఎట్లా చంపుతుందో చూశారా? "అది గట్టు మీదే గదా ఉంది, మనకేం" అనకూడదు.

అందుకే చేని గట్ల మీద వయ్యారిభామను పూత రాకముందే తీసెయ్యాలి. చేను చుట్టూ నాలుగు సాళ్ళు గానీ, ఇంకా ఎక్కువ గానీ జొన్న, సజ్జ వేయమని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతారు. అవి ఎత్తుగా పెరిగి గోడలాగా నిలబడతాయి. గాలికి కొట్టుకు వచ్చే తామర పురుగులను అడ్డుకుంటాయి.

ఎట్లా పోగొట్టాలి?

ఒకటి. పూత రాకముందే పీకాలి.

వాన పడిన తర్వాత నేల మెత్తగా ఉన్నప్పుడు పీకితే వేరుతో సహా వస్తుంది. కొడవలితో పైపైన కోస్తే లాభం లేదు. మొదట్లో నుంచి మళ్ళీ చిగురు వేస్తుంది.

రెండు. వట్టి చేతులతో పీకవద్దు.

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. తొడుగులు లేకపోతే ప్లాస్టిక్ సంచి చేతికి కట్టుకోవాలి. పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, ఇంతకుముందు దురద వచ్చినవాళ్ళు ఈ పనికి పోవద్దు. పిల్లలతో పీకించవద్దు.

ఇక్కడ ఒక మాట. చేను రైతుది. చెయ్యి కూలిమనిషిది. మరి తొడుగులు ఎవరు కొనాలి? పని చేయించుకునే వాళ్ళే కొనాలి. మందు కొట్టే పంపు కూలోడు తెచ్చుకుంటాడా? లేదు గదా. ఇదీ అంతే. నలుగురూ కలిసి అడిగితే కాదనరు. ఒక్కరే అడిగితే "రేపటి నుంచి రావద్దు" అంటారేమోనని భయం ఉంటుంది. అందుకని కలిసి అడగాలి.

మూడు. దీన్ని తినే పురుగు ఉంది.

మెక్సికో నుంచి 1983లో మన శాస్త్రవేత్తలు ఒక పెంకు పురుగును బెంగుళూరుకు తెచ్చారు. పరీక్షలు చేసి 1984లో బయట వదిలారు. దాని పేరు జైగోగ్రామా. లేత రంగు వీపు మీద నల్లని వంకర గీతలు ఉంటాయి. ఈ పురుగు, దాని పిల్లలు వయ్యారిభామ ఆకును తిని మొక్కను మోడు చేస్తాయి. వానాకాలంలో బాగా తింటాయి. తర్వాత మట్టిలోకి దిగి పడుకుంటాయి. మళ్ళీ వానకు లేస్తాయి.

పొద్దుతిరుగుడు కూడా చామంతి కుటుంబమే గదా. దాన్ని కూడా తింటుందేమోనని ఒకప్పుడు రైతులు భయపడ్డారు. శాస్త్రవేత్తలు మళ్ళీ పరీక్షలు చేశారు. పొద్దుతిరుగుడు పంటకు దీని వల్ల ప్రమాదం లేదని చెప్పారు. ఈ పురుగులు కనబడితే చంపవద్దు. అయితే పురుగు ఒక్కటే పనంతా చేస్తుందని కూర్చోవద్దు. మన పని మనం చేయాలి.

నాలుగు. మొక్కకు మొక్క పోటీ.

కొన్ని మొక్కలు వయ్యారిభామను పెరగనివ్వవు. తంటెం, వెంపలి, తంగేడు, బంతి అట్లాంటివి. తంటెం గింజలను ఏరి, వానలకు ముందు బీడుల్లో, రోడ్ల పక్కన చల్లితే రెండు మూడు ఏండ్లలో అవే ఆ జాగాను ఆక్రమిస్తాయి. ఇంటి ముందు, బడి ముందు బంతి నాటుకోవచ్చు. చూడటానికి అందం, పండుగకు పూలు. మన తంగేడు బతుకమ్మకు పువ్వు ఇస్తుంది, ఊరికి కాపలా కూడా కాస్తుంది.

అయిదు. ఉప్పు నీళ్ళు.

పంట లేని చోట, రోడ్డు పక్కన, గోడల పక్కన ఉప్పు నీళ్ళు చల్లవచ్చు. 10 లీటర్ల నీళ్ళకు 2 కిలోల ఉప్పు కలపాలి. ఎండ ఉన్న రోజున, మొక్క లేతగా ఉన్నప్పుడు ఆకులన్నీ తడిసేటట్టు చల్లాలి. ఆకు మాడిపోతుంది. జాగ్రత్త! చేలో చల్లవద్దు. బావి దగ్గర చల్లవద్దు. ఉప్పు నేలను పాడు చేస్తుంది. వేరే కలుపు మందులు వాడాలంటే వ్యవసాయ అధికారిని అడిగి వాడాలి.

ఆరు. ఎరువు చేయవచ్చు.

పీకిన మొక్కలను పారేయాల్సిన పని లేదు. పూత రానివైతే మంచి ఎరువు అవుతుంది. నీళ్ళు నిలవని మిట్ట మీద గుంత తీయాలి. గుంత పొడుగు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, లోతు 3 అడుగులు ఉంటే చాలు. ఒక వరుస మొక్కలు వేయాలి. పేడ నీళ్ళు చల్లాలి. పైన కొంచెం మట్టి వేయాలి. మళ్ళీ మొక్కలు, మళ్ళీ పేడ నీళ్ళు, మళ్ళీ మట్టి. గుంత నిండిన తర్వాత పేడ, మట్టి కలిపి పైన మెత్తాలి. నాలుగు, అయిదు నెలల్లో ఎరువు తయారవుతుంది. జల్లెడ పట్టి చేనికి వేసుకోవచ్చు. పూత, గింజ ఉన్న మొక్కలు మాత్రం గుంతలో వేయవద్దు. గింజ చావకపోతే ఎరువుతో పాటు దాన్ని మనమే చేనికి మోసినట్టు అవుతుంది.

అందరూ కలిస్తేనే

ఒక్కరు తమ ఇంటి ముందు పీకితే చాలదు. పక్క జాగాలో ఉన్న మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఒక రైతు గట్టు శుభ్రం చేసి, పక్క రైతు వదిలేస్తే ఇద్దరి పంటా ప్రమాదంలోనే ఉంటుంది. కాబట్టి ఇది ఊరంతా కలిసి చేయాల్సిన పని.

ప్రతి ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతటా పార్థీనియం నిర్మూలన వారం జరుపుతారు. జబల్‌పూర్‌లో కలుపుమొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఉంది. దాని ఆధ్వర్యంలో ఇది జరుగుతుంది. ఆగస్టు అంటే వానలు పడుతూ నేల మెత్తగా ఉండే కాలం. మన ఊళ్ళో అంతకన్నా ముందే, పూత రాకముందే ఒక రోజు పెట్టుకోవచ్చు. పొదుపు సంఘంలో మాట్లాడండి. గ్రామసభలో లేచి అడగండి. బడి చుట్టూ, అంగన్‌వాడీ చుట్టూ, బోరింగు చుట్టూ ముందు తీయమని చెప్పండి. అర్జీ రాయడం మీకు ఇప్పుడు వచ్చు గదా! తొడుగులు కొనివ్వమని కూడా అందులో రాయండి.

ఆ అక్క ఏమైంది?

ఆ అక్కకు డాక్టరు మందు ఇచ్చాడు. చాలావరకు తగ్గింది. కానీ కలుపు కూలికి పోకూడదని చెప్పాడు. ఆ మాట వినగానే అక్క మొహం చిన్నబోయింది. కూలి పోతే ఇల్లు ఎట్లా గడుస్తుంది? సంఘంలో మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆమె కాయలు ఒలిచే పనికి, మొక్కలు లేని చోట పనులకు పోతుంది. కూలి ముందుకన్నా తక్కువే. మొక్క ఊళ్ళో ఉన్నంత కాలం ఆమె బాధ పూర్తిగా తీరదు.

కానీ ఆమె మళ్ళీ బడికి వచ్చింది. వచ్చిన మొదటి రోజు తలుపు దగ్గరే కూర్చుంది. కొళాయి కాడ బిందె తోముకున్న వదినే లేచిపోయి ఆమె పక్కన కూర్చుంది. "నాకు తెలీకపోయె వదినా" అంది. అక్క ఏమీ మాట్లాడలేదు. పలక కొంచెం పక్కకు జరిపి చోటిచ్చింది.

ఆ రోజు పలక మీద మేము రాసిన మాట: వయ్యారిభామ. వత్తులు ఉన్న మాట. అందరూ తప్పు లేకుండా రాశారు.

కొత్త మాటలు - చదవండి, రాయండి

వయ్యారిభామ, పుప్పొడి, ఎలర్జీ, ఉబ్బసం, వైరస్, తామర పురుగు, తంటెం, తొడుగులు

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో వయ్యారిభామ ఎక్కడెక్కడ ఉంది? పేర్లు రాయండి.
2. పూత రాకముందే ఎందుకు పీకాలి?
3. ఒక మొక్కకు 4,000 పూలు ఉంటే గింజలు ఎన్ని? లెక్క చేయండి.
4. మీకు తెలిసినవాళ్ళలో దురద, ఆయాసంతో బాధపడేవాళ్ళు ఉన్నారా? వాళ్ళు ఏం పని చేస్తారు? వాళ్ళకు మీరు ఏం చెబుతారు?
5. కూలికి పోయేవాళ్ళకు తొడుగులు ఎవరు ఇవ్వాలి? ఎట్లా అడుగుతారు?